ఇందులో పసుపు ఏది

పాతదాని మడతబందు విరిగి
ఏడాదిగా అగ్గిపెట్టె ఆసరాతో నిలబడుతోంది.
మొన్న కాశీనగరం పెళ్లి ఆల్బం చేస్తుంటే
నూట పన్నెండో ఫోటో దగ్గర
పెళ్లికూతురు తల వంచింది,
మళ్లీ ఎత్తలేదు.
తెరంతా నలుపు.

చీటీ పాడితే చేతికొచ్చింది నలభై మూడు వేలు.
ఢిల్లేశుని వెంటేసుకుని
పెన్‌డ్రైవు కొంగున ముడేసుకుని
పర్లాకిమిడి బజార్లో పాఢీ బాబు కొట్టు మెట్లెక్కాను.

బల్ల మీద మూడు పరిచాడు.
తెలుగులో మొదలెట్టి
ధర దగ్గరకొచ్చేసరికి ఒడియాలోకి దిగిపోతాడాయన.
అంకెలు అమ్మభాషలోనే కుదురుగా నిలబడతాయి కాబోలు.

మొదటిది పదహారు జీబీ. "గుర్రం" అన్నాడు.
రెండోదాని తెర బావుంటుందట,
జ్ఞాపకమే సగం, ఎనిమిది.
లోపల అతికించేశారు, రేపు పెంచుదామన్నా పెరగదు.
మూడోది ఏదో బ్యాంకు వాడి వదిలేసింది,
అన్నీ ఉన్నాయి గానీ
కరెంటు పోతే ముప్పావుగంటే దాని ఆయుష్షు.
మా వీధి కరెంటు సంగతి ఆయనకీ తెలుసు,
అందుకే దాన్ని పెద్దగా పొగడలేదు.

"గుర్రమే తీసేద్దామప్పా,
ఈడియోలు ఎగిరెళ్లిపోతాయి"
ఢిల్లేశు అప్పుడే దాని వీపు నిమురుతున్నాడు.

ముడి విప్పాను.
మూడింట్లోనూ ఒకే ఫోటో తెరిచాను:
గుణుపురం పిల్ల పుణ్యవతి,
మంగళస్నానానికి ముందు,
బుగ్గల మీద తడి పసుపు.

గుర్రంలో ఆ పిల్లకి కామెర్లు.
కాస్త పక్కకి వంగి చూస్తే
కామెర్లు కూడా పోయి, సున్నం.
బ్యాంకుదాంట్లో ఆరెంజి ఐస్‌ఫ్రూటు.
రెండోదాంట్లో
సాన మీద కొమ్ము అరగదీసిన వాసనొచ్చింది.

అయినా వెంటనే నోరు తెరవలేదు.
పాఢీ బాబు పాత బిల్లు వెనకాల లెక్క రాశాను.
మాఘంలో పద్నాలుగు పెళ్లిళ్లు,
ఒక్కో వీడియో దీంట్లో ఉడకడానికి ఆరు గంటలు,
దాంట్లో రెండున్నర.
పద్నాలుగుని మూడున్నరతో హెచ్చవేస్తే
రెండు రోజుల పైన నిద్ర.
నిద్ర ధరెంతో రాయడానికి గడి లేక
అక్కడ చుక్క పెట్టి వదిలేశాను.

ఆ చుక్క పక్కనే ఒకావిడ గుర్తొచ్చింది.
నాలుగేళ్ల కిందట, వెలిసిన తెర మీద నేను దిద్దిన ఆల్బం
అచ్చయి వచ్చేసరికి
మిరపపండు చీర కాస్తా ఇటుకపొడి అయిపోయింది.
పెళ్లికూతురి తల్లి పేజీలన్నీ తిప్పింది,
"ఇది మా పిల్లేనా?" అని మాత్రం అడిగింది.
డబ్బులు పైసాతో సహా ఇచ్చింది.
ఆల్బం తీసుకెళ్లలేదు.
ఇప్పటికీ మా బీరువా పై అరలో ఉంది.

"రెండోది" అన్నాను.

"బయాళిశ హజార" అన్నాడాయన.
"చాళిశ" అన్నాను.
ఒడియాలో నాకు బేరం వరకే వచ్చు.
నలభై ఒకటి దగ్గర ఇద్దరం అలిసిపోయాం.
మౌసు ఉచితం. సంచీ కాదు.
పాడైతే మాత్రం బరంపురం తీసుకెళ్లాలి,
ఆ మాట బిల్లు కొట్టాక చెప్పాడు.

పేరు రాస్తూ నవ్వాడు:
"కూర్మావతి. పేరులోనే తాబేలుందమ్మా,
నీకింక తొందరేటి?"
కాగితం అందుకుని చూశాను.
ఒడియా లిపిలో నా పేరు,
ప్రతి అక్షరం నెత్తినా గుండ్రటి చిప్ప మోసుకుంటూ
గీత వెంబడే నడిచిపోతోంది.

ఈ రాత్రి మొదటి వీడియో.
బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టినప్పుడు మూడు శాతం.
వార్చినప్పుడు పదకొండు.
పుణ్యవతి బుగ్గ మీద పసుపు ఇంకా ఆరలేదు.
ఢిల్లేశు గడప మీద కూచుని
కొత్త మౌసుని ఉత్తినే నొక్కుతున్నాడు,
నాతో మాట్లాడ్డం లేదు.