ఫ్రీజర్‌ది ఏ కుటుంబం

శుక్రవారం మధ్యాహ్నం, గ్రిమ్స్‌బీ.
వేయించిన చేప వాసన ఇంకా వదలని భోజనాల హాల్లో
బల్లలు మడిచి గోడకి నిలబెట్టి
ఇరవై ఆరు కుర్చీలు నెలవంకలా వేస్తాను.
నా కారు డిక్కీలోంచి దిగుతాయి
ఎవరెవరి పిల్లలో పొడుగై వదిలేసిన వయొలిన్లు,
మూత పడని పెట్టెలో ఓబో,
కడుపు మీద సొట్టతో ఒక చెల్లో.
ఆ సొట్ట నాకంటే సీనియర్.

పోయిన వారమే బోర్డు మీద ఇళ్ళు గీసి చెప్పాను:
తీగలదొక ఇల్లు, కర్రలదొకటి,
ఇత్తడిది మూడోది, వీధి చివర
దెబ్బలు తినేవాళ్ళది.
"ఫ్లూట్ వెండిలా ఉందిగా మిస్,
కర్రల ఇంట్లో ఏం చేస్తోంది?" అంది జారా.
వెండి తొడిగినంత మాత్రాన
ఇంటిపేరు మారుతుందా, అన్నాను.
అది మా మేనత్త మాట. ఇంగ్లీషులో చెబితే సగమే నవ్వారు.

డ్రమ్ముకి పధ్నాలుగు చేతులు లేచాయి.
వయోలాకి ఒక్కటీ లేవలేదు.
ఓబో మాత్రం టోబియాస్‌కి నేనే ఇచ్చాను,
ఊదే ముందు పీకని నోట్లో నానబెట్టుకోవాలి,
కనీసం నాలుగు నిమిషాలు వాడు మాట్లాడడు.
ట్రయాంగిల్ మార్నీ చేతికొచ్చింది.
వచ్చిందనే అనాలి, తను అడగలేదు.
హాజరు పిలిచినా చెయ్యెత్తే పిల్ల, నోరెత్తదు.

అందరికీ శ్రుతి ఇచ్చేది ఓబో.
బాతు గొంతుతోనే ఇచ్చాడు, అయినా ఇచ్చాడు.
వయొలిన్లు ఒక్కొక్కటే దగ్గరికొచ్చాయి.
చెల్లో జి తీగ దగ్గరికొచ్చేసరికి
ఎప్పటిలాగే, పాలల్లో నలక.
స్వరం నిలవదు, ఊగుతుంది,
సెకనుకి రెండుసార్లు, రేవులో కట్టేసిన పడవలా.
మర తిప్పాను. ఇంకాస్త తిప్పాను.
సొట్టని తిట్టాను, చలిని తిట్టాను,
యాభై దాటిన నా చెవినీ అనుమానించాను.

"చెల్లో తప్పు కాదు మిస్.
ఫ్రీజర్ కొంచెం పైన పాడుతోంది."

ఎవరన్నారో తెలియడానికి ఒక క్షణం పట్టింది.
ఆ గొంతు మాకెవరికీ పరిచయం లేదు.
పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు,
వడ్డన కిటికీ దాటి వంటగదిలోకి వెళ్ళి
బఠాణీలూ ఐస్‌క్రీమూ దాచుకున్న ఆ తెల్లపెట్టె తలుపుకి
చెవి ఆనించాను.
జి కంటే పైన, జి షార్ప్ అందదు,
పియానోలో ఏ మెట్టు మీదా
కాలు ఆనని చోట నిలబడి
పాడుతోంది, ఊపిరి తీసుకోకుండా.
రెండేళ్ళుగా ఈ హాల్లో పాఠం చెబుతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను.

టోబియాస్ పీక నోట్లోంచి తీసేశాడు:
"ఫ్రీజర్‌ది ఏ కుటుంబం మిస్?"
గాలి ఉంది కాబట్టి ఇత్తడికి చుట్టం అన్నారు కొందరు.
తీగ ఉంది, గోడలోకి పోతోంది చూడండి, అన్నాడొకడు.
తంతే మోగుతుంది అని డ్రమ్ముల వాళ్ళు తన్నబోయారు.
నేను బోర్డు దగ్గరికెళ్ళి
ఐదో ఇల్లు గీశాను, తలుపు పెట్టలేదు.

వంటావిడ మిసెస్ హోల్‌రాయిడ్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.
"పన్నెండు నిమిషాలు. కరిగిందంటే నీ పూచీ."
ప్లగ్గు లాగింది.

హాలు కొంచెం పెద్దదైనట్టు అనిపించింది.
కప్పు మీద సముద్రపు పక్షి గోళ్ళ చప్పుడు.
జారా ముక్కు ఎగబీల్చడం.
తర్వాత చెల్లో, జి తీగ,
అల లేకుండా, తిన్నగా, గది ఆ చివరి దాకా.
సొట్టకి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

వాయించిందేదో వాయించారు. గొప్పగా కాదు.
రెండు పేజీలు ముందెళ్ళిపోయిన ట్రంపెట్‌ని
అందరూ కలిసి వెనక్కి లాక్కొచ్చారు.
పన్నెండో నిమిషంలో మిసెస్ హోల్‌రాయిడ్ ప్లగ్గు పెట్టింది.
అది దగ్గి, వణికి, అందుకుంది తన స్వరం.

అప్పుడు, నా చెయ్యి కిందికి దిగిపోయాక,
మార్నీ ట్రయాంగిల్ మీద ఒక్కసారి కొట్టింది.
ఆ చోట కాగితంలో ఏమీ రాసి లేదు.

సాయంత్రం వెళ్తూ వెళ్తూ
బోర్డు చివర ఉన్న ఇల్లు చెరపొద్దని
కేర్‌టేకర్‌కి చీటీ అంటించి వచ్చాను.