వాసన రాని మేజోళ్లు

మా ఆయన బ్రెయ్‌షో కాళ్లు కంపు.
ముప్పై ఏడేళ్లు ఆల్చిప్పల తెప్ప మీద
రబ్బరు బూట్లలో నానిన కాళ్లు.
గుమ్మంలో బూటు విప్పితే చాలు
పిల్లి లేచి పెరట్లోకి పోయేది.

అందుకే కొన్నాను, విలాగార్సియా సంతలో
మూడు జతలు, పద్నాలుగు యూరోలు.
పొట్లం మీద రాసుంది:
వెండి కలిపిన నూలు. వాసన రాదు.
వెండంటే నాకు మా అమ్మ చెంచా,
చర్చిలో ధూపం గిన్నె,
ఆగస్టు రాత్రి వలలో సార్డీన్ల వీపులు.
మేజోట్లో వెండేమిటని తిప్పి తిప్పి చూశాను.
బూడిద రంగు. మామూలు మేజోడే.

వాసన నిజంగానే పోయింది.
పిల్లి పొయ్యి దగ్గరే ఉండిపోయింది.
వారానికి రెండు ఉతుకులు.
నురగ నీళ్లు గొట్టంలోంచి కాలవలోకి,
కాలవ మా సముద్రపు పాయలోకి.
ఉతికే మనిషి
నీళ్ల వెనకాల ఎందుకు నడుస్తుంది?

ఇరవయ్యో ఉతుకుకి
కంపు తిరిగొచ్చింది.
వెండి వెళ్లిపోయిందన్నమాట.

ఎక్కడికని నేనడగలేదు.
మా చెల్లెలి కూతురు సబేలా అడిగింది,
ఐసు పెట్టెతో పడవెక్కి వచ్చి
మా తాడు నుంచి నలభై ఆల్చిప్పలు కోసుకుంటూ.
"వెంట్రుకని నిలువునా వెయ్యి పేలికలు చెయ్యి పెద్దమ్మా,
అందులో ఒక పేలికంత ఉంటుంది ఆ నలుసు."

"చూపించు" అన్నాడు బ్రెయ్‌షో.
"కంటికి ఆనదు."
కంటికి ఆననిదాన్ని నమ్మడం మాకు కొత్తేం కాదు,
ప్రతి ఆదివారం చేసేదే.
కానీ ఇది మా ఇంట్లోంచి వెళ్లింది.

ఆల్చిప్ప నోరు మూసుకోవడం తెలిసిన జీవి.
పీత గోరు తగిలితే మూస్తుంది.
కొండవాన దిగి ఉప్పు పలచబడితే మూస్తుంది.
దీనికి మాత్రం మూయదు.
తలుపులు బార్లా తెరిచి
గంటకి నాలుగైదు లీటర్లు
తాగుతూ, వడకడుతూ, వదులుతూ.
ఎర్రనీళ్లొస్తే కోత ఆపమని కబురొస్తుంది మాకు.
దీనికి రంగు లేదు, కబురూ లేదు.

"ఎంతుంది అందులో?"
"ఇంకా కొలవాలి.
కొంత గంధకాన్ని పట్టుకుని బురదలో పడుకుంటుంది,
కొంత కరిగి మొప్పల్లోకి..."
మధ్యలో ఆపేసింది.

"తినొచ్చా?" అన్నాను.
సబేలా పెట్టె మూత బిగించింది.
"నేను తింటున్నాను" అంది.
తినొచ్చు అనలేదు.

రాత్రి బిరియానీ ఆకు వేసి కుండ ఎక్కించాను.
ఆవిరికి నోరు తెరవనిదాన్ని పారేయాలి,
మా అమ్మ నేర్పిన లెక్క అదొక్కటే.
మూత తీసి చూశాను.
అన్నీ తెరిచాయి.

మేజోళ్లు దండెం మీదే ఉన్నాయి, ఉతకలేదు.
బ్రెయ్‌షో ఉత్త కాళ్లతో భోజనానికి కూర్చున్నాడు.
పిల్లి లేచి
పెరట్లోకి పోయింది.