పాటల్లో లేని మాట

సెలవు చీటీ మీద
పేరు: ఇనొకుచి మిత్సుయో. కారణం: మోకాలి నొప్పి.
యాభై ఏడేళ్ళ మనిషి
కుర్రాళ్ళ పాటలు వినడానికి సముద్రం దాటుతోందంటే
షిమొనొసెకిలో కాకులు కూడా నవ్వుతాయి.

పాతికేళ్ళుగా ఫుగు చేప కోస్తున్నాను.
విషం ఎక్కడుందో నాకంటే ముందు నా కత్తికి తెలుసు.
ఆ చేతులకి నిమ్మచెక్క రుద్ది రుద్ది
రాత్రి ఓడ ఎక్కాను.
చాపలు పరిచిన పెద్ద గదిలో ఇరవైమందిమి.
తువ్వాల్లో చుట్టి దిండు కింద దాచిన లైట్ స్టిక్
ఎలా నొక్కుకుందో ఏమో, అర్ధరాత్రి
గదంతా నీలంగా వెలిగింది.
"పోలీసులా?" అంటూ ఓ ముసలాయన లేచి కూర్చున్నాడు.

నాకు కొరియన్ వచ్చు.
అంటే, టిన్ లాంతర్స్ పాడిన పంతొమ్మిది పాటలంత వచ్చు.
"వెళ్ళకు" వచ్చు. "ఆ వానలో" వచ్చు.
"నీ పేరు మంచు మీద రాశాను" కూడా తడుముకోకుండా వచ్చు.
మరుగుదొడ్డి ఎక్కడ అని
వాళ్ళు ఏ పాటలోనూ అడగలేదు.

బుసాన్ రేవులో పాస్‌పోర్టు చూసే కుర్రాడు
ఎందుకొచ్చారు అన్నాడు. అనే అనుకుంటాను.
రావడం గురించి నాకు తెలిసింది ఒకటే వాక్యం:
"నిన్ను చూడ్డానికే వచ్చాను."
అతని చెవులు ఉడికిన రొయ్యలయ్యాయి.
ముద్ర కొంచెం వంకరగా పడింది.

బస్సు తప్పిపోయింది.
ముక్కు చెప్పిన దారినే నడిస్తే
ఇంకెక్కడికి, చేపల బజారుకే చేరాను.
రబ్బరు బూట్లు, గులాబీరంగు గ్లవ్స్.
పాముచేప పొట్ట చీలుస్తున్న ఆవిడ
ముందు నా చేతులు చూసింది, మొహం తర్వాత.
గ్లవ్ లాగేసి తన వేలి మీది గాటుని
నా వేలి గాటు పక్కన పెట్టి కొలిచింది.
నాదే పొడుగు.
ఆపైన ఏదో అడిగింది. ఒకటే మాట, రెండుసార్లు.
పంతొమ్మిది పాటలూ వెతికాను,
పల్లవులు, చరణాలు, చివర్లో వచ్చే కూనిరాగాలు కూడా.
లేదు.
గిన్నెలో అన్నం మీద వేడి పులుసు పోసి
నా ముందుకి తోసి మళ్ళీ అదే మాట:
తిన్నావా?

ఏడేళ్ళు చెవుల్లో పెట్టుకు తిరిగిన భాషలో
నాకోసం ప్రాణాలిస్తామన్నవాళ్ళు ఐదుగురున్నారు.
అన్నం సంగతి అడిగింది ఈవిడే.

నా సీటు స్పీకర్ల స్తంభం వెనక.
జెహ్యాన్ ఎప్పుడూ ఎడమ చివరే నిలబడతాడు.
పాటకి రెండు లైన్లు అతనివి,
మిగతాసేపంతా పక్కవాళ్ళు పాడుతుంటే ఊపిరి పీల్చుకుంటాడు.
నాకిష్టం అతనే. ఎందుకో అడక్కండి.
స్తంభం సరిగ్గా అతనంత వెడల్పు.
గంటన్నరసేపు నలుగురి బృందాన్ని చూశాను,
అప్పుడప్పుడూ ఒక మోచెయ్యి.

పక్కసీటు పిల్ల, గోళ్ళకి వెండిరంగు,
ఏడ్చి ఏడ్చి కాటుక చుబుకం దాకా కారినది,
నా మెడ పడే తిప్పలు చూసి
మాట్లాడకుండా లేచి తన కుర్చీ తట్టింది.
అతని రెండు లైన్లకి కాస్త ముందు.
మొదటి లైన్లో శ్రుతి తప్పాడు.
రెండోది మేం పాడాం, పన్నెండువేలమందిమి.
అతను చెవిలోంచి ఆ చిన్న యంత్రం పీకేసి
అలా నిలబడి విన్నాడు.

కుర్చీ తిరిగిచ్చేటప్పుడు
ఆ పిల్లకి ఏదో ఒకటి చెప్పాలి కదా.
"వెళ్ళకు" అనలేను.
"నువ్వు లేక బతకలేను" అసలే అనలేను.
పొద్దున వచ్చిన మాటే తీశాను:
తిన్నావా?
ఏడుపు మధ్యలో పకాలున నవ్వింది.
లేదని తలూపింది.
సంచిలో ఓడ మీద మిగిలిన అన్నం ముద్ద ఒకటుంది,
కొంచెం గట్టిపడింది. చెరి సగం.

సోమవారం తెల్లవారుజాము మూడింటికి
గొంతు పూర్తిగా పోయింది.
మోకాలు ఎలా ఉందంటే మోకాలే చూపించాను.
ఏం ఫర్వాలేదు, మా వేలంపాటకి గొంతు అక్కర్లేదు.
నల్లసంచిలో చెయ్యి పెట్టి
వేళ్ళు పట్టుకుని ధర చెప్పడం మా ఊరి ఆచారం.
సంచి పట్టుకున్నాయన నా వేళ్ళు తాకి ఆగాడు,
వణుకుతున్నావేం అన్నట్టు చూశాడు.
వణుకు కాదు, తాళం.
ఆ తాళానికి పెట్టె మీద
మూడువేల యెన్లు ఎక్కువ పాడాను.