ఎడమ తలుపు

ఆదివారం సంతలో మడతబల్ల పరిచి
బొమ్మకార్లు అమ్ముతాను నేను.
ఒహాయోలో పాత డ్రైవ్-ఇన్ సినిమా మైదానం అది.
తెర ఎప్పుడో కూలిపోయింది.
దాని ఇనుపకాళ్లు మాత్రం
ఆట ఇంకా మొదలవలేదన్నట్టు నిలబడే ఉన్నాయి.

టార్పాలిన్ మీద మంచు ఆరకముందే
వెర్లిన్ స్టాంపర్ వచ్చేస్తాడు.
మస్టాంగ్ చూపిస్తే
"ఫోర్డు వాళ్లది" అంటాడు,
వియ్యాలవారి వంటకి వంక పెట్టినట్టు.
కమారో కనబడిందా,
కళ్లజోడు నుదుటి మీదికి తోసి
బండిని ముక్కు దాకా తెచ్చుకుని
ఎడమ తలుపు అంచు వెంట
గోటిని పైనుంచి కిందికి నడిపిస్తాడు.
కుడివైపు తిప్పి చూడడు.
"అది హర్షెల్ గాడి పని, వాడు చూసుకుంటాడు."
హర్షెల్ పోయి పదకొండేళ్లు.

పోనీ కార్లని వీటికి పేరు.
పొట్టి గుర్రాల జాతి.
వాన పడే ఆదివారాల్లో నా బల్ల మీద మాత్రం
ఇవి ఎటూ పోనివి.
పోనీలే అనుకుంటూ
ఒక్కొక్కదాన్నీ దూదిలో చుట్టి డబ్బాకెత్తుతాను.

కెంటకీ కొండల్లో బొగ్గుగని నోట్లోకి దిగనని
పంతొమ్మిదో ఏట నార్వుడ్ వచ్చాడట.
మరో పంతొమ్మిదేళ్లు,
ఫ్యాక్టరీ గేటుకి తాళం పడేదాకా,
ఎడమ తలుపులు బిగించాడు.
పై కీలు, కింది కీలు,
భుజంతో ఒక్క తోపు,
అంతలో ఇంకో బండి.
వేల మంది కుర్రాళ్లు ఆ తలుపు తీసుకుని
ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు.
తను నడిపింది స్టేషన్ వాగన్,
ముగ్గురు పిల్లలు, అత్తగారు, కార్లో కక్కే కుక్కతో.

"సరిగ్గా కుదిరిన తలుపు పడితే
చప్పుడు ఎలా ఉంటుందో తెలుసా?"
అరచేత్తో నా బల్ల మీద ఒక్కటిచ్చాడు.
నా దుకాణమంతా ఉలిక్కిపడింది.
కాసేపు చెవి ఒగ్గి,
"ఇది కాదు" అన్నాడు.

డెబ్బై రెండు సంగతి ఒక్కసారే చెప్పాడు,
అదీ కాఫీలోకి చూస్తూ.
సమ్మె. ఆ వేసవంతా గేటు బయటే.
లోపల లైను మీద సగంలో ఆగిన బళ్లు,
కొన్నిటికి సీట్లు లేవు, కొన్నిటికి మూతుల్లేవు.
వీళ్లు లోపలికి వెళ్లేసరికి
బంపర్ల చట్టం మారిపోయింది.
పనికిరావన్నారు. అన్నిటినీ నుజ్జు చేశారు.
"వాటిల్లో నా తలుపులున్నవీ ఉన్నాయి,
నా దాకా రానివీ ఉన్నాయి."
కాఫీ చల్లారిపోయింది. తాగేశాడు.

మొన్న అక్టోబరులో
డాలరుకొకటి అని రాసిపెట్టిన విరిగిన బొమ్మల పెట్టెలో
చెయ్యి పెట్టి కెలుకుతున్నాడు.
అడుగున ఒక నారింజరంగు కమారో.
చక్రాలు బాగున్నాయి, అద్దం పగల్లేదు,
ఎడమ తలుపు లేదు.
ఎవరింటి పిల్లాడు పీకాడో.
అతని కంట పడకుండా దాచాలనుకుని మర్చిపోయాను.

చాలాసేపు పట్టుకున్నాడు.
తలుపు ఉండాల్సిన చోట
చిటికెనవేలు లోపలికి పోనిచ్చి
స్టీరింగుని ముట్టుకున్నాడు.

"ఊరికే తీసుకో వెర్లిన్, తుక్కు అది" అన్నాను.

పర్సు తీశాడు.
కొత్తదానికిచ్చినట్టే పద్దెనిమిది డాలర్లు
నోట్ల మడతలు సాపుచేసి మరీ బల్ల మీద పెట్టాడు.
"తుక్కనకు. లైను మీద ఉందింకా.
నా దాకా రాలేదు, అంతే."

జేబురుమాల్లో చుట్టుకుని
తెర ఇనుపకాళ్ల మధ్య నుంచి నడిచి
తన తుప్పు వ్యాను ఎక్కాడు.
తలుపు వేశాడు.
మళ్లీ తీసి, మళ్లీ వేశాడు.