కవరు మీద తుపాకి

బర్మా బజార్లో యాభై రూపాయలు.
కవరు మీద తుపాకి, మండుతున్న హెలికాప్టరు.
ఈయన బేరమాడి నలభైకి తెచ్చాడు.
పెరంబూరులో ఆదివారం సాయంత్రం,
వాన పడీ పడనట్టుంది,
శనక్కాయలు ఉడకబెట్టి గిన్నెలో పోశాను.

హెలికాప్టరు రాలేదు.
నలుపూ తెలుపూ.
సముద్రం పక్కన చిన్న ఊరు,
ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో సైకిలు,
ఎదురొచ్చిన బాతుకి
దిగి, టోపీ తీసి, దారిచ్చాడు ఒక సన్నపాటి మనిషి.

"మోసపోయాం" అన్నాడు ఈయన.
రిమోటు నా చేతిలో ఉంది.
"ఆ బాతు దాటేదాకా ఉండండి" అన్నాను.

అతను గడియారాలు బాగుచేసేవాడు.
ఆవిడ గ్రంథాలయంలో గుమాస్తా.
గోడ గడియారం ఆగిందని కబురంపితే
గురువారం వచ్చి పది నిమిషాల్లో నడిపించాడు.
పై గురువారం మళ్లీ ఆగింది.
ఆ పై గురువారమూ.
నాలుగోసారికి గాని నాకు వెలగలేదు,
బుధవారం రాత్రుళ్లు ఆవిడే కుర్చీ ఎక్కి
లోలకాన్ని వేలితో ఆపుతోందని.
ఐదోసారికి గాని ఈయనకి వెలగలేదు,
ఆ సంగతి అతనికి మొదటి నుంచీ తెలుసని.

వాళ్ల ఇంగ్లీషు మాకు సగమే అందింది,
వేడి బంగాళాదుంప నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టు.
ఒక్క మాట మాత్రం లెక్కపెట్టాను: సారీ.
తలుపు తగిలితే తలుపుకి సారీ.
వాన పడితే, తామే కురిపించినట్టు, సారీ.
ముప్ఫై ఏడు దాకా లెక్కపెట్టి వదిలేశాను.
మా అత్తగారూ అంతే,
తనిచ్చిన అప్పు తాను అడగడానికి వెళ్లి
"ఏమనుకోకమ్మా" అని మొదలుపెట్టి
ఆ మాటతోనే ముగించి
కాఫీ తాగి వచ్చేసేది.

ముద్దు ఒక్కటీ లేదు.
దగ్గరికొచ్చిన ప్రతిసారీ
కెటిలు ఈల వేస్తుంది,
లేదా పాస్టరుగారు విరాళాల డబ్బా గలగలలాడిస్తూ దిగుతాడు.
మొదట్లో ఆవలించిన ఈయన
"వీడికి వేరే ఇల్లే దొరకదా!" అని
శనక్కాయ తొక్క టీవీ మీదికి విసిరాడు.
పదకొండేళ్ల కాపురంలో
ప్రేమ తరఫున ఈయన గొంతు లేవడం
అదే వినడం.

ఏడో గురువారం
గడియారం నడుస్తోంది. ఆవిడ ఆపలేదు.
అతను వచ్చి చూశాడు.
"బాగానే ఉందే" అన్నాడు.
"బాగానే ఉంది" అంది.
సెలవు తీసుకున్నాడు. గుమ్మం దగ్గర మళ్లీ తీసుకున్నాడు.
మెట్ల మీద ఇంకోసారి.
గేటు గొళ్లెం మీద చెయ్యి వేసి
మెడ తిప్పబోతూ

ఆగిపోయాడు.
అతను కాదు, డిస్కు.

చొక్కా అంచుతో తుడిచాం.
టూత్‌పేస్టు రాసి కడిగాం.
ఎన్నిసార్లు పెట్టినా అక్కడే,
గొళ్లెం మీద చెయ్యి, గళ్లుగళ్లుగా వాన.

కింది వాటా డోరిన్ ఆంటీకి తెలుసు.
చిన్నప్పుడు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో చూసిందట,
బాతు అనగానే చప్పట్లు కొట్టింది.
చెప్పబోతుంటే చెవులు మూసుకున్నాను.

రాత్రి దోమతెరలోంచి ఈయన గొంతు:
"వెనక్కొస్తాడు. గొడుగు మరిచిపోయాడుగా."
"గొడుగు చేతిలోనే ఉంది, నేను చూశాను."
"ఐతే మరిచిపోయినట్టు నటిస్తాడు."
"చేతిలో ఉన్నదాన్నా?"
చాలాసేపు మాట లేదు.
యార్డులో ఎక్కడో బోగీలు గుద్దుకుని సర్దుకున్నాయి.
"గోడ మీంచి లోపలికి విసిరేసి
అప్పుడొస్తాడు."

నవ్వు ఆగక దిండు కొరికాను.
ఇన్సూరెన్సు సర్వేయరు,
లారీల సొట్టలు కొలిచే మనిషి,
ఇన్నాళ్లూ ఆ గొడుగు ఎక్కడ దాచాడు?

మనలో వెళ్లేవాడు "వస్తాను" అంటాడు.
రోజూ అంటాడు, వంటింట్లోంచి ఊఁ అంటాను.
సోమవారం కూడా అన్నాడు.
బండి చప్పుడు సందు మలుపు దాకా పోయింది,
ఆగింది,
వెనక్కొచ్చింది.

హెల్మెట్ మరిచిపోయాడు.
నిజంగానే మరిచిపోయాడు, మొహం నిండా చిరాకు,
పది దాటితే మేనేజరు ఊరుకోడు.
అందించాను.
"సారీ" అన్నాడు, ఎందుకో.

ముప్ఫై ఎనిమిది, అనుకున్నాను.