పొద్దున ఎనిమిది లోపు

కొత్తపేట ల్యాబులో పిల్ల కేకేసింది
"పురుషోత్తం గారూ!"
కూర్చున్నవాళ్లలో ఎవరూ నవ్వలేదు.
నాకే వచ్చింది నవ్వు.

కాగితం మీద నూట తొంభై ఎనిమిది.
ఉండాల్సింది మూడొందల నుంచి మొదలు.
ముప్ఫై ఏళ్లుగా గుంటూరు మిర్చి యార్డులో
టిక్కీలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి,
తొడిమ విరిచి, వాసన చూసి
ఇది తేజ, ఇది మూడు ముప్ఫై నాలుగు, ఇది తాలు
అని తేల్చేవాణ్ణి నేను.
కోల్డ్ స్టోరేజీలో ఎన్నాళ్లున్న సరుకో
రంగు చూసి చెప్పేస్తాను.
నా సరుకు సంగతి
ఆ పిల్ల చెబితే తెలిసింది.

డాక్టరు కుర్రాడు. మా గుమాస్తాలకన్నా చిన్న.
నిద్రెలా ఉంది, గురక ఉందా, షుగరుందా,
పొద్దున లేవగానే... అని ఆగి
కళ్లజోడు తుడుచుకున్నాడు.
నేను కిటికీలోంచి కిందికి చూశాను.
చెరుకు రసం బండికి కట్టిన గంటలు.

ఒక్క పరీక్షతో తేల్చం అన్నాడు.
ఇంకోసారి రావాలి, పరగడుపున, పొద్దున ఎనిమిది లోపు.
అప్పుడూ తక్కువే వస్తే ఆలోచిద్దాం,
సూది ఉంది, జెల్ ఉంది.
రక్తం చిక్కబడొచ్చు, ప్రోస్టేట్ చూసుకుంటూ ఉండాలి.
ఆ పొట్ట తగ్గితే కొంత దానంతటదే పెరగొచ్చు.
"జెల్ రాసుకుంటే మాత్రం సబ్బుతో చేతులు కడుక్కోవాలండీ,
ఇంట్లో ఆడవాళ్లకి అంటకూడదు."

అది విని నేనెందుకు తలొంచుకున్నానో
ఆయనకి తెలీదు.

పెళ్లైన కొత్తలో
యార్డు నుంచి వచ్చి ఎంత తోమినా
నా వేళ్లలో మంట పోయేది కాదు.
మొదటి వారంలోనే హైమ మెడ కందిపోయింది.
అప్పట్నుంచి ముందు కొబ్బరినూనె, తర్వాత శనగపిండి, ఆపైన సబ్బు.
పగలంతా మీరు, ఏమండీ అనే మనిషి
లైటు తీశాక మెల్లగా అడిగేది
"చేతులు కడుక్కున్నావా?"

ఎప్పుడు ఆగిందో ఆ మాట.
ఫలానా రోజని చెప్పలేను.
అకాల వాన కాదుగా, పరుగెత్తి పట్టాలు కప్పుకోడానికి.
కళ్లంలో కాయ ఎండినట్టు,
ఎదురుగానే, మనం చూడకుండానే.

టీ కొట్టు దగ్గర మస్తాన్‌వలీతో అన్నాను.
యాభై ఎనిమిదేళ్ల హమాలీ.
"సాయంత్రానికి మాకు నడుమే మిగలదు బాబూ,
మిగతాదాని లెక్క ఎవడు చూశాడు"
అని గ్లాసు పెట్టేసి
ఇంకో లారీకి వెళ్లిపోయాడు.

కాగితం చొక్కా జేబులోనే ఉండిపోయింది.
ఉతకబోతూ తీసింది హైమ.
చదివింది. కళ్లద్దాలు తెచ్చుకుని మళ్లీ చదివింది.
కోప్పడితే సర్దుకుందామనుకున్నా,
జాలిపడుతుందేమోనని భయపడ్డా.

"మూడేళ్ల కిందట గుర్తుందా," అంది,
"జనవరి రాత్రుళ్లు తడి తువాలు మెడకి చుట్టుకుని
బాల్కనీలో నిలబడేదాన్ని.
ఈ చలిలో ఫ్యానేంటని విసుక్కునేవారు.
నాకు ఎవరూ అంకె రాసివ్వలేదు.
ఏమైందని మీరూ అడగలేదు."

కొళాయి కట్టింది. మళ్లీ తిప్పింది.
"ఎందుకు కావాలో అది చెప్పండి.
నాకోసమైతే ఒక మాట,
అద్దం కోసమైతే ఇంకో మాట.
ఊరికే నీరసం పోవడానికైతే
రాత్రి పదింటికి ఆ ఫోను అవతల పడేసి పడుకోండి ముందు."

నాకు నోరు పెగల్లేదు.
మా నాన్న కాలంలో బేరమంతా
తువాలు కింద వేళ్లు పట్టుకునే జరిగేదట.
అలా చెప్పగలిగితే ఎంత బాగుండు.

ఈ వారంతో యార్డుకి వేసవి సెలవులు.
సోమవారం రెండో పరీక్ష.
వెళ్తానో లేదో ఇంకా అనుకోలేదు.

ఆ రాత్రి లైటు తీసిన చాలాసేపటికి,
గోడవైపు తిరిగే ఉండి అంది
"చేతులు కడుక్కున్నావా?"

కడుక్కున్నా అన్నాను.
అబద్ధం. లేచాను.
కొబ్బరినూనె సీసా ఎక్కడుందో గుర్తురాక
వంటింట్లో లైటు వెయ్యాల్సి వచ్చింది.