పొగ ఎరగని గొట్టం

గోపాలపూర్ ఒడ్డున, సముద్రానికి ఎదురుగా
మూడు పలకలుగా ముందుకు పొడుచుకొచ్చిన కిటికీ.
ఎవడో దొర, తన ఊరి తీరాన చూసిన ఇంటిని
జ్ఞాపకం మీద గీసి ఇచ్చాడట.
మా తాత తండ్రి గుల్లసున్నంలో బెల్లం కలిపి కట్టాడు.

మంచు జారిపోవడానికి ఏటవాలు కప్పు.
ఇక్కడ మంచెక్కడిది?
హాల్లో చలిమంట గూడు,
ఉక్కకి తలుపులే చెమర్చే ఊళ్లో!
అందులో ఎన్నడూ నిప్పు రాజలేదు.
పావురాల రెట్ట, పాత ఒడియా పేపర్లు.
ఒకసారి పిల్లి ఈనింది.

"గొట్టం పడగొట్టెయ్ మేస్త్రీ, అక్కడ ఏసీ డబ్బా పెట్టాలి"
అన్నాడు పాఢీబాబు. మంచివాడే. కూలి ముందే ఇచ్చాడు.

సుత్తి ఎత్తానో లేదో
కింద ఇసకలోంచి మడ్డు పోలయ్య కేక:
"ఓర్నాయనో, దాన్ని కొట్టీకురా!
అది కొండమొనతో కలిసినప్పుడే కదరా
మా తెప్ప కింద పార ఉన్నట్టు!
అది లేపోతే
ఇంత నీటి మీద ఎక్కడని వల దించాల?"

దిగొచ్చాను.
పాఢీబాబుకి ఒడియాలో చెప్పబోతే
పారకి మాట దొరకలేదు.
అరచెయ్యి బోర్లించి
దాని కింద రెండో చేతివేళ్లు చేపల్లా ఆడించాను.
ఆయన నవ్వలేదు.
డబ్బా పెరటిగోడకి పెట్టమన్నాడు.

పొద్దువాలే వేళ
గొట్టానికి తెల్లసున్నం కొడుతూ అనుకున్నాను:
ఆ దొర ఊళ్లో ఉందే, ఈ ఇంటి అక్క,
దాన్ని గురి పెట్టుకుని
అక్కడా ఎవడైనా వల దించుతాడా?

చేతులు కడుక్కున్నాను.
గోటి పక్క గాటులో సున్నం మండింది.